అందరికీ బియ్యం, కాంట్రాక్టుకు చీపురు: మద్రాసులో ఉదారవాదం నడిచిన దారి

చెన్నై నడిబొడ్డున కూవం నదినీ అడయారునూ కలిపే బకింగ్‌హాం కాలువ ముక్కను 1877-78లో తవ్వారు. తవ్వినవాళ్లు కరువు కూలీలు. తెలుగునాట ధాత కరువుగా చెప్పుకునే ఆ కరువు బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లనే ఖాళీ చేసింది. కరువు పనులకు వచ్చినవారికి కూలి ఎంత ఇవ్వాలన్న దానిపై అప్పట్లో పెద్ద తగాదా నడిచింది. వైస్రాయి పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దానిపైన ఒక అణా చాలన్నాడు. అంత తిండితో మట్టి మోసే మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ డబ్ల్యు.ఆర్. కార్నిష్ ఎదురు వాదించాడు. అంతకు కొద్ది సంవత్సరాల ముందు, 1873-74 బీహారు కరువులో, ఇదే టెంపుల్ బర్మా బియ్యం తెప్పించి చావులను చాలావరకు ఆపాడు. అందుకు దుబారా చేశాడన్న నింద పడ్డాడు. మద్రాసులో ఆ నింద మళ్లీ పడదలచుకోలేదు.

టెంపుల్ వెనక వైస్రాయి లిట్టన్ ఉన్నాడు, లిట్టన్ వెనక ఒక సిద్ధాంతం ఉంది. ధాన్యం వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెట్టకూడదు, ధర పెరిగినచోటికి సరుకు దానంతటదే చేరుతుంది అన్నది ఆ సిద్ధాంతం. ఆడం స్మిత్ 1776లో ఇటువంటి వాదన రాశాడు కనుక, లిట్టన్ ఆయన పేరు చెప్పుకోవడం పూర్తిగా అబద్ధమేమీ కాదు. అయితే సామాన్యుల పిల్లల చదువుకు ప్రజాధనం వెచ్చించాలన్నదీ స్మిత్తే. కూలి పెరగకుండా యజమానులు ఎప్పుడూ లోలోపల కూడబలుక్కుంటారని హెచ్చరించిందీ ఆయనే. కరువు విధానంలో ఆ సగానికి చోటు దక్కలేదు. ఆస్తికి, ఒప్పందానికి రాజ్యం కాపలా కాయాలి, ఆకలి విషయంలో మాత్రం తప్పుకోవాలి. సాయం చేయక తప్పకపోతే, అడిగినవాడు నిజంగా గతిలేనివాడేనా అని పరీక్షించి మరీ చేయాలి. ఇంగ్లండులో 1834 నాటి పేదల చట్టం, సాయం కోరినవారిని ఉంచి పనిచేయించే వర్క్‌హౌస్ గోడల మధ్య పెట్టిన పరీక్షనే మద్రాసు కరువు శిబిరాలు ఇంటికి దూరంగా, బండచాకిరీ రూపంలో పెట్టాయి. మార్కెట్‌ను దాని మానాన వదలాలన్న ఈ పాత ఉదారవాదం (లిబరలిజం) తన పూర్తి బలంతో అధికారంలో ఉంటే ఎలా ఉంటుందో తెలుగు జిల్లాలు చూసినంత దగ్గరగా చూసినవారు తక్కువ.

ఇది గుర్తుంచుకుంటే, ఆ తర్వాత అదే ఉదారవాదంలో వచ్చిన మలుపు ఎంత పెద్దదో తెలుస్తుంది. కడుపు మాడుతున్నవాడు యజమానితో కుదుర్చుకునే ఒప్పందాన్ని స్వేచ్ఛా ఒప్పందం అనడం ఎలా అన్న ప్రశ్న బ్రిటన్‌లో తత్వవేత్త టి.హెచ్. గ్రీన్‌తో మొదలై ఎల్.టి. హాబ్‌హౌస్ దాకా సాగింది. లిబరల్ పార్టీ ప్రభుత్వమే 1908లో డెబ్బై ఏళ్లు దాటిన పేద వృద్ధులకు పింఛను తెచ్చింది, 1909లో లాయిడ్ జార్జ్ బడ్జెట్‌తో భూస్వాముల మీద పన్ను వేయబోయింది, 1911లో ఆరోగ్య, నిరుద్యోగ బీమాను చట్టం చేసింది. 1942లో బ్రిటిష్ సంక్షేమ రాజ్యానికి నమూనా గీసిన బెవరిడ్జ్ లిబరల్. ఆర్థికవేత్త కీన్స్ కూడా లిబరలే. సంక్షేమ రాజ్యం ఒక్క ఉదారవాదుల కష్టమే అనడానికి లేదు. కార్మిక సంఘాల పోరాటం లేకుండా అది వచ్చేది కాదు. జర్మనీలో సోషలిస్టులను అణచడానికి చూసిన బిస్మార్కే 1883లో ఆరోగ్య బీమా మొదలుపెట్టాడు. కానీ సంక్షేమం ఉదారవాదానికి బద్ధశత్రువన్న మాట, ఈ రోజుల్లో టీవీ చర్చల్లో ఉచితాల మీద విరుచుకుపడేవారు అంత ధీమాగా చెప్పే మాట, చరిత్ర ముందు నిలవదు.

మద్రాసు చరిత్ర ముందు అసలే నిలవదు. 1916లో ఇక్కడ పుట్టిన జస్టిస్ పార్టీ అధికారిక నామం సౌత్ ఇండియన్ లిబరల్ ఫెడరేషన్. దాని స్థాపకుల్లో ఒకరైన పిట్టి త్యాగరాయ చెట్టి తెలుగు దేవాంగ కుటుంబంలో పుట్టారు. నేటి టి.నగర్ ఆయన పేరే. ఆ పార్టీ ఇంగ్లిష్, తమిళ పత్రికలతోపాటు తెలుగులో ఆంధ్ర ప్రకాశికను నడిపింది. తర్వాత ప్రధానమంత్రి హోదాలో 1926 దాకా మద్రాసును ఏలిన పానగల్ రాజా కాళహస్తి ప్రాంతం వారు. త్యాగరాయ చెట్టి మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉండగా, 1920లో థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టాలని తీర్మానించారు. ఖర్చు పిల్లవాడికి రోజుకు ఒక అణా దాటకూడదు. తర్వాత మరికొన్ని బడులకు పాకిన ఈ పథకం 1925లో ఆగిపోయింది. ప్రాథమిక విద్యా నిధి నుంచి ఆ ఖర్చు పెట్టడాన్ని బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1877లో కరువు కూలీకి పౌను ధాన్యం మీద ఒక అణా చాలన్న ప్రభుత్వానికి, 1925లో బడిపిల్లవాడికి ఒక అణా ఎక్కువైంది.

జస్టిస్ పార్టీని ఆకాశానికెత్తే పని లేదు. అది జమీందార్ల, వర్తకుల పార్టీ. 1921లో పెరంబూరు బకింగ్‌హాం అండ్ కర్నాటిక్ మిల్లులో సమ్మె జరిగినప్పుడు దాని నాయకులు సమ్మె పక్షాన నిలబడలేదు. బడిపిల్లవాడి ఆకలిని చూడగలిగిన ఉదారవాదం మిల్లు కార్మికుడి బేరమాడే హక్కు దగ్గర ఆగిపోయింది. ఈ తేడా ముందు ముందు చాలా అవసరమవుతుంది: తిండి పెట్టడం ఒకటి, తనకు రావలసింది అడిగే బలం ఇవ్వడం ఇంకొకటి. 1949లో కేంబ్రిడ్జ్‌లో ఇచ్చిన ఉపన్యాసాల్లో బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త టి.హెచ్. మార్షల్ పౌర హక్కులు, రాజకీయ హక్కులు, సామాజిక హక్కులు అని వరస పెట్టినప్పుడు, సంక్షేమం అసలు అర్థం ఈ అడిగే బలంలోనే ఉందని చెప్పాడు. ఆయన లెక్కలో పింఛను తీసుకునే ముసలివాడు ఎవరి దయ మీదా ఆధారపడడు. ఓటు వేసినట్టే పింఛను అందుకుంటాడు.

ఇరవయ్యో శతాబ్దంలో తలెత్తిన నయా ఉదారవాదం (నియోలిబరలిజం) దాడి చేసింది సరిగ్గా ఈ చోట. అయితే దాడి రూపం చాలామంది అనుకునేలా లేదు. 1938 ఆగస్టులో అమెరికన్ పత్రికా రచయిత వాల్టర్ లిప్‌మన్ పేరిట పారిస్‌లో జరిగిన గోష్ఠిలో హయెక్, మీసెస్, రుస్తోవ్, రోప్కే వంటి ఆలోచనాపరులు కూర్చున్నప్పుడు వారిలో చాలామంది ఒప్పుకున్న మొదటి సంగతి, పాత ఉదారవాదం విఫలమైందని. మార్కెట్‌ను వదిలేస్తే దానంతటది బతుకుతుందన్న లిట్టన్ తరహా నమ్మకం వారికి లేదు. గుత్త సంస్థలు దాన్ని మింగేస్తాయి, ఓట్ల కోసం ప్రభుత్వాలు దాన్ని వంచేస్తాయి, సంఘాలు కూలి ధరను పట్టి ఉంచుతాయి. కాబట్టి మార్కెట్‌ను కట్టాలి, చట్టంతో కంచె వేయాలి, కావలి కాయాలి. అందుకు బలమైన రాజ్యం కావాలి. స్వేచ్ఛా ఆర్థిక వ్యవస్థ, బలమైన రాజ్యం అని అలెగ్జాండర్ రుస్తోవ్ 1932లోనే జర్మనీలో ఒక ప్రసంగం చేశాడు. 1947 ఏప్రిల్‌లో హయెక్ చొరవతో స్విట్జర్లాండ్‌లో ఏర్పడిన మాంట్ పెలెరిన్ సొసైటీ ఈ ఆలోచనలకు స్థిరమైన ఇల్లయింది.

వీరంతా ఒక్క మాట మీద ఉన్నవారు కారు. జర్మనీలోని ఫ్రైబర్గ్ పండితులు పోటీ చట్టాలను, గుత్తాధిపత్య నియంత్రణను పట్టుకున్నారు. అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయం వారు తర్వాత గుత్త సంస్థల విషయంలో చాలా మెత్తబడ్డారు. అయినా సంక్షేమం గురించి వారు రాసింది నేరుగా చదివినవారికి ఒక సంగతి ఆశ్చర్యం కలిగిస్తుంది. సంపన్న సమాజంలో ప్రతి ఒక్కరికీ తిండి, బట్ట, నీడ కనీస స్థాయిలో పూచీ పడవచ్చని హయెక్ 1944లోనే రాశాడు. ఆదాయం ఒక గీత కిందికి పోయినవారికి ప్రభుత్వమే ఎదురు డబ్బు ఇచ్చే రుణాత్మక ఆదాయపు పన్నును చికాగో ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1962లో ప్రతిపాదించాడు. ఫ్రీడ్‌మన్ కొట్టేయమన్నవి కనీస వేతన చట్టం, ప్రభుత్వ గృహ నిర్మాణం, అందరినీ కలిపే సామాజిక బీమా. హయెక్‌కు కంటగింపైనవి సంఘాల ప్రత్యేక అధికారాలు, సామాజిక న్యాయమన్న మాటే.

ఇక్కడ గీత స్పష్టంగా పడుతుంది. నయా ఉదారవాదం సంక్షేమాన్ని రద్దు చేయమనదు. సంక్షేమాన్ని హక్కు నుంచి విడదీయమంటుంది. పేదవాడని తేలినవారికి డబ్బో తిండో అందవచ్చు. ఆ డబ్బుతో అతను మార్కెట్లో కొనుక్కోవాలి. కానీ పని షరతులను తోటివారితో కలిసి మార్చుకునే బలం, బడినీ ఆసుపత్రినీ అందరి ఆస్తిగా నిలుపుకునే బలం అతనికి ఉండకూడదు. ఫ్రెంచి ఆలోచనాపరుడు మిషెల్ ఫూకో 1979 ఉపన్యాసాల్లో పట్టుకున్నది దీన్నే: పాత ఉదారవాదానికి మనిషి సరుకు మారకం చేసుకునేవాడు, కొత్తదానికి మనిషి తానే ఒక వ్యాపార సంస్థ. సంస్థలు పోటీ పడతాయి, సంఘం కట్టవు. ప్రజాస్వామ్యం దీనికి అడ్డొస్తే ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబు చిలీలో దొరికింది. 1973 సైనిక కుట్ర తర్వాత చికాగోలో చదివిన ఆర్థికవేత్తలు అక్కడి విధానాలు నడిపారు, 1981లో పింఛను వ్యవస్థను ప్రైవేటు నిధులకు అప్పగించారు. ఉదారవాదం లేని ప్రజాస్వామ్యం కన్నా ఉదారవాద నియంతే తనకు ఇష్టమని హయెక్ అదే ఏడాది చిలీ పత్రికకు చెప్పాడు. ఓటు హక్కు కోసం తలలు పగలగొట్టుకున్న ఉదారవాదానికి, దీనికి చుట్టరికం ఎంత దూరమో ఆ ఒక్క వాక్యం చెబుతుంది.

మన దేశంలో ఈ ఆలోచనలకు తొలి రాజకీయ వేదిక దొరికింది కూడా మద్రాసులోనే అంటారు. 1959 జూన్‌లో రాజాజీ, మినూ మసానీ, ఎన్.జి. రంగా ఇక్కడ స్వతంత్ర పార్టీని ప్రకటించారు. తొలి అధ్యక్షుడు రంగా. నిడుబ్రోలు రైతుబిడ్డ, ఆక్స్‌ఫర్డులో చదివి మద్రాసు పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్రం చెప్పినవాడు. కానీ రంగాను హయెక్ శిష్యుడిగా చూడటం తొందరపాటు. ఆయన్ను కాంగ్రెస్ నుంచి బయటికి తోసింది ఆ ఏడాది జనవరిలో నాగపూరులో చేసిన సహకార వ్యవసాయం తీర్మానం. రైతు చేతిలోని కమతం పోతుందన్న భయం అది. అదే రంగా అంతకు ముందు రైతుల రుణభారం తగ్గించమని ప్రభుత్వం మీదికి యాత్రలు నడిపినవాడు. రాజాజీ సంగతి వేరు. 1952లో మద్రాసు ముఖ్యమంత్రిగా ఆయన ఆహార ధాన్యాల మీది కంట్రోలును ఎత్తేశారు. వ్యాపారానికి అడుగడుగునా ప్రభుత్వ అనుమతి కావాలన్న పద్ధతిని ఎత్తిచూపే పర్మిట్ లైసెన్స్ రాజ్ అన్న మాటను దేశమంతా వ్యాపింపజేసిందీ ఆయనే. అయినా 1967 ఎన్నికల్లో స్వతంత్ర పార్టీ జతకట్టింది రూపాయికి మూడు పడుల (పడి తమిళనాట ధాన్యం కొలిచే మానం) బియ్యం ఇస్తామన్న డీఎంకేతో. గెలిచాక అన్నాదురై ప్రభుత్వం మద్రాసులోనూ కోయంబత్తూరులోనూ రూపాయికి ఒక పడి ఇవ్వగలిగింది. కంట్రోలు ఎత్తేసిన నాయకుడు, చౌక బియ్యం పెట్టిన పార్టీ ఒకే కూటమిలో ఉన్నారంటే, సిద్ధాంతాలు నేల మీదికి వచ్చేసరికి ఎంత కలగాపులగం అవుతాయో ఊహించవచ్చు. 1983లో ఎన్టీ రామారావు రెండు రూపాయల కిలో బియ్యం తెచ్చినప్పుడు తెలుగువారు దాన్ని కొత్త వింతగా చూశారు. మద్రాసులో తెలుగు ఇళ్లకు అది అప్పటికే పాత కథ.

1991 గురించి తెలుగు పాఠకులకు ఎక్కువ చెప్పనక్కర్లేదు. తాకట్టు పెట్టిన బంగారం, జూలైలో రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గింపు, జూలై 24 బడ్జెట్ అందరికీ తెలిసినవే. తక్కువగా గుర్తుచేసుకునేది ఇంకొకటుంది. అదే పి.వి. నరసింహారావు ప్రభుత్వం 1995 ఆగస్టు 15న జాతీయ స్థాయిలో బడి పిల్లల పోషకాహార పథకాన్ని, పేద వృద్ధులకు పింఛనును మొదలుపెట్టింది. సరళీకరణ, సంక్షేమం ఒకే చేతి మీదుగా వచ్చాయి. ఇందులో వైరుధ్యం ఉందనుకునేవారు హయెక్, ఫ్రీడ్‌మన్ పెట్టిన గీతను మరిచిపోతున్నారు. అసలు పరీక్ష రెండేళ్లకు వచ్చింది. 1997 జూన్‌లో కేంద్రం రేషన్ వ్యవస్థను దారిద్ర్యరేఖకు దిగువ, ఎగువ అని చీల్చింది. అప్పటిదాకా అందరిదైన దుకాణం పేదల దుకాణంగా మారింది. దేశంలో దాదాపు అన్ని రాష్ట్రాలూ ఒప్పుకున్నాయి. తమిళనాడు ఒప్పుకోలేదు. కార్డున్న ప్రతి కుటుంబానికీ బియ్యం ఇస్తూనే పోయింది, అదనపు భారం తన ఖజానా నుంచే మోసింది. 2011 నుంచి ఆ బియ్యం ఉచితం. 2016లో జాతీయ ఆహార భద్రత చట్టంలో చేరినప్పుడు కూడా అందరికీ అన్న పద్ధతిని వదలలేదు.

పేదలెవరో ఏరి వారికే ఇచ్చే ఈ వడపోత ఎందుకు చెడ్డదో ఆర్థికశాస్త్రం రెండు మాటల్లో చెబుతుంది. అర్హత లేనివాడు లోపలికి రావడం ఒక తప్పు, అర్హత ఉన్నవాడు బయట ఉండిపోవడం రెండో తప్పు. ఖజానా లెక్కలు చూసేవారికి మొదటిదే కనిపిస్తుంది. కానీ ఇంతకన్నా లోతైన నష్టం ఒకటి ఉంది. గుమాస్తా పిల్లలూ కూలి పిల్లలూ ఒకే దుకాణం బియ్యం తిన్నన్నాళ్లూ, బియ్యంలో రాళ్లుంటే గట్టిగా అడిగే నోరున్నవారు వరుసలో ఉంటారు. వారిని పక్కకు తప్పించాక మిగిలేది అడగలేని వారి వరుస. తమిళనాడు రేషన్ దుకాణాలు మిగతా చాలాచోట్ల కన్నా మెరుగ్గా నడవడానికి ఇది పెద్ద కారణం.

అందరికీ అన్న ఈ పద్ధతికీ కన్నాలున్నాయి. చెన్నైలో పాత మహాబలిపురం రోడ్డు (ఓఎంఆర్) వెంబడి అంతస్తులు లేపుతున్న శ్రీకాకుళం, ప్రకాశం జిల్లాల మేస్త్రీలు, కూలీలు చెన్నైలో ఎన్నేళ్లున్నా తమిళనాడు కార్డు లేకపోతే ఆ అందరిలోకి రారు. 2020 అక్టోబరు నుంచి ఒకే దేశం ఒకే కార్డు పద్ధతి తమిళనాడులో ఉన్నా, అది కేంద్ర చట్టం కిందికొచ్చే కార్డులకే వర్తిస్తుంది. కొత్త పథకాల్లోనూ వడపోత చేరుతోంది. 2023 సెప్టెంబరులో మొదలైన నెలకు వెయ్యి రూపాయల మహిళల పథకానికి కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉండాలి, కరెంటు వాడకం ఏడాదికి 3,600 యూనిట్లు దాటకూడదు. సాధారణ ఛార్జీ పట్టణ బస్సుల్లో ఆడవారికి 2021 నుంచి టికెట్టు లేదు, ఏ పరీక్షా లేదు. ఒకే ప్రభుత్వం నడిపే రెండు పథకాలు రెండు వేర్వేరు సిద్ధాంతాల మీద నిలబడ్డాయి.

అయితే చెన్నైలో నయా ఉదారవాదాన్ని రేషన్ దుకాణంలో వెతకడం కన్నా చెత్తబండి దగ్గర వెతకడం మేలు. తరతరాలుగా ఈ నగరం వీధులు ఊడ్చేవారిలో ఇంట్లో తెలుగు మాట్లాడే ఆది ఆంధ్ర, అరుంధతీయ కుటుంబాలు ఎన్నో. కులం వారిని ఈ పనిలోకి నెట్టింది. కార్పొరేషన్ ఉద్యోగం ఆ అన్యాయాన్ని తుడిచేయకపోయినా నెల జీతం, పింఛను, సంఘం ఇచ్చింది. 2000లో కార్పొరేషన్ కొన్ని మండలాల చెత్త సేకరణను ఒక ప్రైవేటు సంస్థకు ఇచ్చింది. ఆ తర్వాత ఒక్కో మండలం ఒక్కో కాంట్రాక్టులోకి వెళ్తూ, 15 మండలాల్లో ఎక్కువ భాగం చేతులు మారాయి. 2025లో రాయపురం, తిరు.వి.క. నగర్ మండలాల వంతు వచ్చింది. అక్కడ పనిచేస్తున్నవారిలో చాలామందిని కార్పొరేషన్ నేరుగా ఉద్యోగులుగా కాకుండా, జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ కింద స్వయం సహాయక సంఘాల ద్వారా పెట్టుకుంది. ఏళ్ల తరబడి చీపురు పట్టినవారు రికార్డుల్లో ఉద్యోగులు కారు. ఆగస్టు 1 నుంచి వారు కార్పొరేషన్ ప్రధాన కార్యాలయమైన రిపన్ బిల్డింగ్ ముందు పేవ్‌మెంట్ మీద కూర్చున్నారు. కోరినవి రెండు: ప్రైవేటుకు ఇవ్వొద్దు, పర్మనెంటు చేయండి. హైకోర్టు ఆదేశం వచ్చాక ఆగస్టు 13 అర్ధరాత్రి పోలీసులు వారిని అక్కడి నుంచి లేపేశారు.

మర్నాడు రాష్ట్ర మంత్రివర్గం పారిశుధ్య కార్మికులకు కొత్త సంక్షేమ పథకాలు ప్రకటించింది. ఉచిత అల్పాహారం, బీమా, పిల్లల చదువుకు సాయం, సొంత వ్యాపారం పెట్టుకునేవారికి రాయితీ రుణం. ఒక్కొక్కటి విడిగా చూస్తే ఏదీ చెడ్డది కాదు. తెల్లవారుజామున పనికి వచ్చే మనిషికి వేడి టిఫిన్ దొరకడం మంచిదే. కానీ వారు అడిగిన రెండింటిలో ఒక్కటీ ఆ జాబితాలో లేదు. ఉద్యోగి హోదా అడిగినవారికి వ్యాపారి కావడానికి రుణం వచ్చింది. త్యాగరాయ చెట్టి కాలంలో బడిపిల్లవాడి భోజనం దగ్గర మొదలై మిల్లు గేటు దగ్గర ఆగిన ఉదారవాదానికి కనీసం అజ్ఞానమన్న సాకు ఉంది. శతాబ్దం తర్వాత, దేశంలోనే మెరుగైన సంక్షేమ వ్యవస్థ నడిపే ప్రభుత్వానికి ఆ సాకు లేదు.

ఈ కథలో చట్టం పాత్రను విడిచిపెట్టకూడదు, ఎందుకంటే బలమైన రాజ్యం మార్కెట్‌ను కట్టే చోటు అదే. నిత్యం ఉండే పనిలో కాంట్రాక్టు పద్ధతిని నిషేధించే అధికారాన్ని 1970 కాంట్రాక్టు కార్మిక చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. నిషేధించినచోట కాంట్రాక్టు కార్మికులు ఆ సంస్థ ఉద్యోగులైపోతారని 1996లో సుప్రీంకోర్టు ఎయిర్ ఇండియా కేసులో చెప్పింది. 2001లో స్టీల్ అథారిటీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ తీర్పును కొట్టేసింది. నిషేధం ఉన్నా ఉద్యోగం దానంతటది రాదు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ ఇంకో అడుగు వేసింది. సంస్థ ప్రధాన కార్యకలాపాల్లో కాంట్రాక్టు కూడదంటూనే, ఊడవడం, శుభ్రం చేయడం, చెత్త సేకరించడం ప్రధాన కార్యకలాపాలు కావని పేర్లు పెట్టి మరీ రాసింది. ఒక్క మినహాయింపు ఉంచింది: సంస్థ ఆ పని కోసమే ఏర్పడి ఉండకపోతేనే ఈ మాట వర్తిస్తుంది. నగరాన్ని శుభ్రంగా ఉంచడం మున్సిపల్ కార్పొరేషన్ల తప్పనిసరి విధుల్లో ఒకటి. అటువంటి సంస్థ ఏ పని కోసం ఏర్పడినట్టు అన్న ప్రశ్న మీద ఇక ముందు వ్యాజ్యాలు నడుస్తాయి, రాయపురం వీధులు ఊడ్చేవారి జీతం స్లిప్పు మీద ఎవరి పేరుండాలో వాటిని బట్టే తేలుతుంది.